తిరువల్లికేణి పెద్ద మసీదు: పరిచయ కాగితంలో తప్పులు చూడండి (1209 లెక్క, కలప-ఇనుము లేని కట్టడం, గచ్చు)

కేణివీధి:
చెన్నైలో తెలుగువాళ్ల వారాంతపు నడక కోసం వాలాజా మసీదు (పెద్ద మసీదు) మీద ఒక పేజీ కాగితం తయారవుతోంది. చిత్తుప్రతి కింద పెడుతున్నాను. మొహమాటం లేకుండా దిద్దండి.

“తిరువల్లికేణి హైరోడ్డులోని వాలాజా మసీదును 1795లో, ఆర్కాటు నవాబు ముహమ్మద్ అలీ ఖాన్ వాలాజా మరణానంతరం ఆయన జ్ఞాపకార్థం కుటుంబం కట్టించింది. కలపగానీ ఇనుముగానీ వాడకుండా బూడిదరంగు గ్రానైటుతో కట్టారు. లోపలి ఫారసీ శాసనం రాసినది నవాబు మున్షీ, హిందువైన రాజా మఖన్ లాల్ ఖిరద్. అందులోని ‘జిక్రుల్లా అల్ అక్బర్’ అనే మాటలో కట్టిన ఏడాది దాగి ఉంది. తర్వాత 1810లో వాలాజా కొడుకు ఉమ్దతుల్ ఉమరా థౌజండ్ లైట్స్ మసీదు కట్టించారు.”

తారీఖులెక్క:
కేణివీధి గారూ, ముందు ఆ ‘అల్’ తీసేయండి. అది ఉంటే లెక్క ఎక్కడికో పోతుంది.

ఈ పద్ధతిని అబ్జద్ అంటారు. అరబ్బీ అక్షరాలు ఒక్కోదానికి ఒక్కో విలువ ఉంటుంది. ఏడాది చెప్పడానికి అర్థవంతమైన మాట ఒకటి కూర్చి, అందులోని అక్షరాల విలువలన్నీ కలిపితే హిజ్రీ సంవత్సరం వచ్చేలా చూస్తారు. ఫారసీ కవులు దాన్ని ‘తారీఖ్’ అనేవారు. ‘జిక్రుల్లా అక్బర్’ తీసుకుందాం. అల్లా స్మరణ అన్నిటికంటే గొప్పది అని అర్థం.

జిక్ర్: జాల్ 700, కాఫ్ 20, రే 200. మొత్తం 920.
అల్లా: అలిఫ్ 1, లామ్ 30, ఇంకో లామ్ 30, హే 5. మొత్తం 66.
అక్బర్: అలిఫ్ 1, కాఫ్ 20, బే 2, రే 200. మొత్తం 223.

920, 66, 223 కలిపితే హిజ్రీ 1209, అంటే 1794-95. సరిగ్గా కూర్చుంటుంది. మీ చిత్తులో ఉన్నట్టు ‘అల్ అక్బర్’ అంటే అలిఫ్ 1, లామ్ 30 చేరి 1240 అవుతుంది. అది 1824-25 నాటి లెక్క. ఖురాన్ 29వ సూరా 45వ వాక్యంలో ఈ మాట ముందు ‘వ ల’ ఉంటుంది కదా అని దాన్నీ కలిపితే వావ్ 6, లామ్ 30 చేరి 1245. పత్రికల్లో ఈ మాటను చెవికి వినబడినట్టు రకరకాలుగా రాస్తారు. చదవడానికి అన్నీ ఒకటే, కూడితే మాత్రం ఏళ్లకు ఏళ్లు తేడా.

మాధవి_మైలాపూర్:
అల్లా అన్నప్పుడు లకారం ఒత్తి పలుకుతాం, తర్వాత దీర్ఘం కూడా ఉంది. వాటికి విలువ వెయ్యరా? 66 ఎలా సరిపోయింది?

తారీఖులెక్క:
మంచి ప్రశ్న మాధవి గారూ. కొత్తవాళ్లు తప్పేది ఇక్కడే. అబ్జద్‌లో పలికింది కాదు, రాసింది లెక్క. షద్దా అనే ఒత్తు గుర్తుకు విలువ లేదు. ‘అల్లా’లో రెండు లామ్‌లు అక్షరాలుగానే రాస్తారు కాబట్టి 60 వచ్చింది, ఒత్తు వల్ల కాదు. దీర్ఘాన్ని చూపే చిన్న నిలువు అలిఫ్ అక్షరం కాదు, గుర్తే. దాన్ని వదిలేయాలి. అచ్చు గుర్తులన్నీ అంతే.

ఇంకో చిక్కు, మొత్తం చాలనప్పుడో మించినప్పుడో వస్తుంది. అప్పుడు ఫలానా మాట ‘తల’ కలుపు అనో, ఫలానాది తీసేయి అనో కవి పద్యంలోనే సూచన ఇస్తాడు. దాన్ని తామియా అంటారు. ఆ సూచన పట్టకపోతే చివరి మాట ఒక్కటే కూడి తప్పు ఏడాది తేలుస్తాం. ఇక్కడ ఆ బాధ లేదు. మాట తనంతట తానే 1209 ఇస్తోంది. మఖన్ లాల్ చేతి నైపుణ్యం అక్కడ ఉంది. పనిగట్టుకుని అతికించినట్టు కాకుండా, మసీదు గోడ మీద ఉండవలసిన మాటే ఏడాదిని కూడా చెబుతోంది.

శాసనప్రియ:
మన వాళ్లకు ఇది అర్థం కావాలంటే భూతసంఖ్యలతో పోల్చి ఒక వాక్యం రాయండి. తెలుగు నేల మీది శాసనాల్లో శకవర్షాన్ని శశి, నేత్ర, గుణ, వేద, బాణ అంటూ మాటల్లో చెప్పడం మామూలే. తేడా ఏమిటంటే భూతసంఖ్యలో స్థానం ముఖ్యం. ‘అంకానాం వామతో గతిః’ అని ఒకట్ల స్థానం నుంచి ఎడమకు పోవాలి. ఉదాహరణకు శక 1717ను ‘ముని శశి గిరి చంద్ర’ అని కూర్చవచ్చు: 7, 1, 7, 1. మాటల క్రమం మారితే అంకె మారుతుంది. అబ్జద్‌లో అన్నీ కూడికే కాబట్టి క్రమంతో పనిలేదు. అందుకే అది పద్యంలో ఇమడడం తేలిక, అక్షరం ఒక్కటి జారినా పట్టుకోవడం కష్టం.

రాతికొలత:
లెక్క బాగుంది. కానీ ఇంకా పెద్ద విషయం ఎవరూ ఎత్తలేదు. నవాబు వాలాజా పోయింది 1795 అక్టోబరు 13న. హిజ్రీ 1209 ఏ తేదీల మధ్య పడుతుంది?

తారీఖులెక్క:
1794 జూలై చివరి నుంచి 1795 జూలై మధ్య వరకు. మన లెక్కలో ఆనంద నామ సంవత్సరం చివరి భాగం, రాక్షస నామ సంవత్సరం మొదటి నెలలు. అక్టోబరు 13 నాటికి 1210 మొదలై దాదాపు మూడు నెలలైంది.

రాతికొలత:
అంటే రాతి మీది ఏడాది ఆయన బతికున్న కాలానిది. ‘మరణానంతరం జ్ఞాపకార్థం కట్టించారు’ అనే మాట, 1209 అనే అంకె ఒకే పేరాలో పక్కపక్కన నిలవవు. ప్రతి వ్యాసంలోనూ రెండూ కలిసే కనబడతాయి, ఎవరూ కూడి చూడరు.

కేణివీధి:
1209 పునాది వేసిన ఏడాది కావచ్చు కదా? పూర్తయ్యాక ఆయన పేరు మీద అంకితం చేసి ఉండవచ్చు.

రాతికొలత:
కావచ్చు. తారీఖు పునాదికీ రాస్తారు, పూర్తయినదానికీ రాస్తారు. కానీ ఎలా చూసినా పని మొదలైంది ఆయన ఉండగానే. ‘మరణానంతరం’ అన్న ఒక్క మాట తీసేయండి చాలు. “హిజ్రీ 1209, అంటే 1794-95 నాటిది, ఆర్కాటు నవాబుల కుటుంబం కట్టించినది, వాలాజా పేరు మీద నిలిచినది” అనండి. ఎవరూ వేలు పెట్టలేరు. వాలాజా ఆయన అసలు పేరు కాదు, మొఘలుల నుంచి వచ్చిన బిరుదు. ఉన్నతమైన స్థానం కలవాడు అని. అదీ ఒక మాట చేర్చండి.

థౌజండ్ లైట్స్ వాక్యంలోనూ ఇదే జబ్బు. ఉమ్దతుల్ ఉమరా 1801 జూలైలో పోయారు. 1810లో ఆయన ఎలా కట్టిస్తారు? ఏడాది రాస్తే పేరు వదలండి, పేరు రాస్తే ఏడాది వదలండి. రెండూ కలిపి మాత్రం వద్దు. ‘19వ శతాబ్దపు తొలినాళ్లది’ అంటే సరిపోతుంది.

గానుగసున్నం:
కలప, ఇనుము లేవన్న వాక్యం ఒక్క ముక్కలో తేల్చేశారు. నన్నడిగితే కాగితంలో సగం దానికే ఇవ్వాలి. అది వింత కోసం చెప్పే మాట కాదు. ఆ కాలపు మద్రాసులో కలప లేకుండా కప్పు వెయ్యడమంటే ఊరి అలవాటునంతా పక్కన పెట్టడమే.

అప్పటి మామూలు కప్పు మద్రాసు టెర్రస్. గోడ నుంచి గోడకు టేకు దూలాలు, వాటిమీద అడుగు, అడుగున్నర దూరంలో వాసాలు. వాసాల మీద సన్నటి ఇటుకల్ని నిలువుగా, ఐమూలగా, సున్నంతో అతుకుతూ పేరుస్తారు. దానిపైన మూడు అంగుళాల దాకా ఇటుక జల్లీ, సున్నం కలిపి పోసి, చెక్క బడితెలతో రోజుల తరబడి కొడతారు. కొట్టేటప్పుడు బెల్లం, కరక్కాయ నీళ్లు చల్లుతారు. ఆపైన పలచటి పెంకులు. చల్లగా ఉంటుంది, బాగుంటుంది. కానీ దూలం కొస గోడలో దూరిన చోట గాలి ఆడదు. వానకు గోడ తడిస్తే ఆ కొస ముందు పుచ్చుతుంది, తర్వాత చెద ఎక్కుతుంది. కింది నుంచి చూస్తే దూలం రాయిలా కనిపిస్తుంది. కొస మాత్రం పొడి అయిపోయి ఉంటుంది. నగరంలో పాత మిద్దెలు కూలేది ఎక్కువగా ఇలాగే.

కలప లేదంటే మిగిలేది కమాను. కమాను బరువును కిందికే కాదు, పక్కలకూ తోస్తుంది. ఇప్పటి వాళ్లయితే ఇనుప కడ్డీతో రెండు కొసల్నీ బిగిస్తారు. ఇనుమూ లేదంటే ఆ తోపును గోడ మందమే మోయాలి. వరుసగా ఉన్న కమానుల్లో ఒకదాని తోపును పక్కది ఆపుతుంది. చివరిదాని పక్కన ఎవరూ ఉండరు, అందుకని కొసల్లో బరువు పెంచాలి. మూలన నిలిచిన మీనారు అందానికి, అజానుకే కాదు. దాని బరువు పక్కకు పోయే తోపును కిందికి మళ్లిస్తుంది. నడకలో జనాన్ని మసీదు ముందు నిలబెట్టి ఈ ఒక్క విషయం చూపించండి.

మాధవి_మైలాపూర్:
ఇనుము వద్దనుకోవడానికి సముద్రం దగ్గరుండటం కారణమంటారా?

గానుగసున్నం:
వాళ్లు ఏమనుకున్నారో నేను చెప్పను. ఫలితం మాత్రం చెప్పగలను. మెరీనా నుంచి నడిచి వెళ్లేంత దగ్గర, గాలిలో ఉప్పు. ఇనుము తుప్పు పడితే దాని ఘనపరిమాణం రెండు నుంచి ఆరు రెట్లు పెరుగుతుంది. రాళ్లను కలపడానికి లోపల పెట్టిన ఇనుప బంధం ఉబ్బితే ఎంత గట్టి రాయినైనా లోపలి నుంచి చీలుస్తుంది. పగులు బయటికి కనబడే సరికి పాతికేళ్లు, ముప్ఫై ఏళ్లు ఆలస్యమై ఉంటుంది. లోపల ఇనుమే లేని గోడకు ఆ రోగం రాదు. రెండు శతాబ్దాలకు పైగా నిలిచిందంటే సగం పుణ్యం అక్కడిదే.

కష్టమల్లా తర్వాత చేరే ఇనుముతో. ఫ్యాన్ కొక్కేలు, మైకు బిగించే కడ్డీలు, లైట్ల బిగింపులు. ఏ పాత రాతి కట్టడానికైనా ఇదే చెబుతాను: రాయికి తొలచకండి, రాళ్ల మధ్య సున్నపు అతుకులో బిగించండి. మామూలు ఇనుము వద్దు, స్టెయిన్‌లెస్‌లో 316 రకం తీసుకోండి. 304 రకం సముద్రపు గాలికి చుక్కలు చుక్కలుగా తుప్పు పడుతుంది.

శాసనప్రియ:
‘గ్రానైటు’ అన్న మాట మీద చిన్న సవరణ. మద్రాసు చుట్టుపక్కల పల్లావరం, సెయింట్ థామస్ మౌంట్ గుట్టల రాయిని వ్యాపారంలో గ్రానైటు అనే అంటారు. భూగర్భశాస్త్రంలో దాని పేరు చార్నొకైట్. కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ సమాధి పలక ఆ రాయిదే కావడంతో 1893లో భూగర్భశాస్త్రవేత్త హాలండ్ దానికి చార్నాక్ పేరు పెట్టాడు. మసీదు రాయికి గని పేరు అంటగట్టకండి. ‘బూడిదరంగు గట్టి రాయి, వాడుకలో గ్రానైటు’ అంటే చాలు.

అలంకారం గురించి కాగితంలో ఒక్క మాటా లేదు. ఈ రాయిని బట్టే అలంకారం కూడా. ఇసుకరాయిలో జాలీలు, లతలు తీసినట్టు దీంట్లో తియ్యలేరు. ఉలి మొన పది దెబ్బలకు మొద్దుబారుతుంది, పలచగా తీస్తే అంచు ఎగిరిపోతుంది. కాబట్టి అందమంతా కొలతలో ఉండాలి. మెట్లు, ఎదురుగా విశాలమైన ఖాళీ స్థలం, సన్నటి జంట మీనార్లు. దూరం నుంచి చూసినప్పుడు ఆ ఖాళీ స్థలమే కట్టడానికి గాంభీర్యం తెస్తుంది. థౌజండ్ లైట్స్ దగ్గర వేరే దారి: చాలా గుమ్మటాలు, 64 అడుగుల మీనార్లు, గోడల మీద రంగుల్లో ఖురాన్ వాక్యాలు. అక్కడ వెలుగు, రంగు మాట్లాడతాయి. ఇక్కడ రాయి, నిశ్శబ్దం. నా మట్టుకు ఇదే ఎక్కువ నచ్చుతుంది.

కేణివీధి:
గచ్చు గురించి కూడా ఎవరైనా చెబుతారా? మద్రాసు సున్నం పాలరాయిలా మెరిసేదని అందరూ అంటారు. కోడిగుడ్లు కలిపేవారన్నది నిజమేనా?

గానుగసున్నం:
నిజమే, కానీ గుడ్డు చివరి పూతలోకే. గోడంతా గుడ్లతో కట్టారన్న మాట కాగితంలోకి రానివ్వకండి. ఇది ఆ కాలపు మద్రాసు ఇళ్లకు, మేడలకు వేసిన పూత విధానం. వాలాజా మసీదు రాతి గోడకు అంటగట్టకుండా విడిగా పెట్టండి.

సున్నం రెండు రకాలు. రాతి సున్నం, గుల్ల సున్నం. మెరిసే గచ్చుకు గుల్ల సున్నమే కావాలి. పులికాట్ వైపు ఉప్పుటేళ్లలో దొరికే గుల్లలు కాల్చి చేస్తారు. మట్టి కలవదు, అందుకే తెల్లదనం. కాలిన గుల్లను నీళ్లలో విరవడం తొందరపడి చేస్తే విరగని పలుకులు మిగులుతాయి. అవి గోడెక్కాక నెలలకు తడి పీల్చి ఉబ్బి, పేలి, శనగగింజంత గుంటలు పడతాయి. అందుకని సన్నటి గుడ్డలో వడకట్టి, నీటి కింద వారాల తరబడి ఊరనివ్వాలి.

మొదటి పూత: సున్నం ఒక పాలు, ఇసుక ఒకటిన్నర పాలు, బెల్లం నీళ్లతో గానుగలో నూరి, అర అంగుళం మందం. గరుకుగా వదలాలి. రెండో పూత: వస్త్రగాళితం పట్టిన సున్నం మూడు పాళ్లు, తెల్లటి సన్న ఇసుక ఒక పాలు, పలచగా. మూడో పూత: సున్నం నాలుగు పాళ్లు, మెత్తటి తెల్ల ఇసుక పొడి ఒక పాలు, రోట్లో వెన్నలా నూరాలి. తెల్లసొన, పెరుగు, కాస్త నెయ్యి చేరేది దీంట్లోనే. అంగుళంలో పదో వంతు మందం మించకూడదు. తడి ఆరకముందే నున్నటి గులకరాయితో రుద్దడం మొదలుపెట్టి, బలపం రాయి పొడి చల్లుతూ మెరుపు వచ్చేదాకా ఆపకూడదు. తర్వాత కొన్ని రోజులు గోడకు చెమట పడుతుంది. ఎప్పటికప్పుడు మెత్తటి గుడ్డతో తుడవాలి. తుడవకపోతే తెల్లటి మచ్చలు కడతాయి.

ఎక్కడ చెడుతుందంటే: కింది పూత పూర్తిగా ఎండిపోయాక పై పూత వేస్తే పట్టు దొరకదు, పెచ్చులుగా ఊడుతుంది. ఎండలో వేస్తే జుట్టు పగుళ్లు. బెల్లం ఎక్కువైతే గట్టిపడటం ఆలస్యం, పైగా చీమలు. గుల్ల సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకునే గట్టిపడుతుంది కాబట్టి తేమ ఉండాలి, గాలీ ఉండాలి. రెంటిలో ఏది తగ్గినా లోపల మెత్తగానే ఉండిపోతుంది.

రాతికొలత:
ఒక్కటి చేరుస్తాను. పాత సున్నపు పని మీద సిమెంటు అతుకు వెయ్యడం అన్నిటికంటే పెద్ద నష్టం. గోడ తడి సున్నం గుండా బయటికి పోతుంటుంది. సిమెంటు దారి మూసేస్తుంది. తడి దాని అంచు చుట్టూ తిరిగి బయటపడుతుంది, ఉప్పు అక్కడ పలుకు కట్టి పక్కనున్న మంచి పూతనూ రాయి అంచునూ తినేస్తుంది. అతుకు మాత్రం చెక్కుచెదరదు. చూసేవాళ్లకు అదే గట్టి పని అనిపిస్తుంది. ప్లాస్టిక్ రంగుదీ ఇదే కథ, బుడగలు వచ్చి షీటులా లేస్తుంది. రాయి మురికి పోవడానికి ఇసుక ఊదించడం కూడా వద్దు. మెరుగు పోయి, సూక్ష్మరంధ్రాలు తెరుచుకుని మరుసటి ఏడాదికి రెట్టింపు మురికి పడుతుంది. మెత్తటి బ్రష్, మంచినీళ్లు, ఓపిక.

కొలతలు గీసేవాళ్లుంటే ఇంకో మాట. చెన్నై నుంచి కిబ్లా, అంటే నమాజులో తిరిగే మక్కా దిక్కు, సరిగ్గా పడమర కాదు. ఉత్తరం నుంచి లెక్కిస్తే దాదాపు 288 డిగ్రీలు, అంటే పడమరకు 18 డిగ్రీలు ఉత్తరంగా. ప్లాను మీద ‘పడమటి గోడ’ అని రాయకండి, కిబ్లా గోడ అనండి. గోడ ఎటు తిరిగిందో అక్కడే కొలవండి. అయస్కాంత సూది తేడా ఇక్కడ రెండు డిగ్రీల లోపే కాబట్టి మంచి కంపాస్ చాలు. చుట్టూ ఇనుప గేట్లు, బండ్లు లేని చోట నిలబడాలి, అంతే.

మాధవి_మైలాపూర్:
ఆవరణలో సమాధుల గురించి కూడా రాయండి. బహ్రుల్ ఉలూమ్‌గా పేరుపొందిన లక్నో పండితుడు మౌలానా అబ్దుల్ అలీ సమాధి అక్కడే ఉంది. 1972లో పోయిన కాయిదె మిల్లత్ ముహమ్మద్ ఇస్మాయిల్ గారిదీ అక్కడే. ఆ హైరోడ్డుకు ఇప్పుడున్న పేరు ఆయనదే. రంజాన్ నెలలో హిందువులు నడిపే సూఫీదార్ ట్రస్టు వాళ్లు ఏళ్ల తరబడిగా ఇఫ్తార్ వడ్డిస్తున్నారు, అదీ శాకాహారం. మఖన్ లాల్ గురించి రాసిన చోటే ఇది కూడా ఉంటే బాగుంటుంది.

కేణివీధి:
అన్నీ చేరుస్తాను. మరణానంతరం, అల్, 1810 మూడూ ఎగిరిపోయాయి. చివరిగా, శాసనం ఫొటో కాగితంలో వెయ్యాలంటే ఎలా తియ్యాలి?

తారీఖులెక్క:
ముందు కార్యాలయంలో అడిగి అనుమతి తీసుకోండి. శుక్రవారం మధ్యాహ్నం వద్దు. మధ్యాహ్నపు జుహర్ నమాజుకు, సాయంత్రపు అసర్‌కు మధ్య సమయం నెమ్మదిగా ఉంటుంది. ఫ్లాష్ ఎదురుగా కొడితే చెక్కడం చదునైపోయి ఏమీ చదవలేరు. దీపాన్ని పక్కన, రాతికి దాదాపు ఆనినట్టు 15 డిగ్రీల వాలులో పట్టుకోండి. ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి పైనుంచి, రెండు ఫొటోలు. చుక్కలు ముఖ్యం: జాల్‌కు చుక్క పోతే దాల్ అవుతుంది, 700 కాస్తా 4 అయి 1209 బదులు 513 వస్తుంది. సుద్ద పూయడం, నూనె రాయడం, కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దడం ఏదీ చెయ్యకండి. ఫొటో వచ్చాక ఇక్కడ పెట్టండి, పద్యం మొత్తం అక్షరం అక్షరం కూడి చూద్దాం.